ఆవపిండి నీళ్ళు

పరకాలలో బస్సు దిగి
చలివాగు వెంట అరగంట నడిస్తే
నా జాబితాలో ఇరవై మూడో నంబరు చెల్క.
భుజాన ఇనుప చట్రం,
హన్మకొండ చౌరస్తాలో వెల్డింగు చేయించుకున్నది,
జానెడు మీద రెండు వేళ్ళు, నాలుగు వైపులా.
మూడేండ్ల పరిశోధన మొత్తం
అందులో పట్టాలి.

డబ్బాలో ఆవపిండి కలిపిన నీళ్ళు.
చట్రంలోకి మెల్లగా వంచి
గడియారం చూస్తూ గొంతుక్కూర్చుంటాను.
ఘాటు తగిలితే ఎర్రలు పైకొస్తాయి.
రావాలి.
పుస్తకంలో అట్లాగే ఉంది.

పత్తి సాళ్ళలోంచి కొంరవ్వ చూసింది.
కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది.
"ఏం బిడ్డా, భూమికి ఆవకాయ పెడ్తున్నవా?"

పది నిమిషాలు. ఇరవై.
ఒక చీమ వచ్చి, తడి దాకా వచ్చి, మళ్ళిపోయింది.
నోటుబుక్కులో సున్నా వేశాను.
పక్క చెల్కలో సున్నా.
కాలువ అవతల, గడ్డిమందు కొట్టి పన్నెండు రోజులైన చోట
పెన్ను రాయలేదు,
గట్టిగా ఒత్తితే కాగితం చిరిగింది.

సున్నా కూడా ఫలితమే అంటారు మా సారు.
కావచ్చు.
అరవై నాలుగు సున్నాలు పేర్చి లెక్క కట్టమంటే
భాగించడానికి ఏమీ లేదని కంప్యూటరే మొరాయించింది.
పక్క బల్ల యాకూబ్ పాషా
చేప చెవిలోని రాయిని అరగదీసి వయసు చెప్పేవాడు,
ఎనిమిది నెలలుగా ఫెలోషిప్ రానివాడు, తొంగి చూసి
"నీ పట్టికలోదీ నా ఖాతాలోదీ ఒకటే అంకె" అన్నాడు.
ఇద్దరం నవ్వాం. తర్వాత టీకి చిల్లర వెతుక్కున్నాం.

బీరువా అడుగున ఒక పాత సీసా దొరికింది.
ఎవరు పట్టుకొచ్చారో, ముప్పై ఏండ్ల కిందట,
లేబులు మీద ఇదే ఊరి పేరు, వంకర చేతిరాత:
అడుగు నేలలో నలభై ఒకటి.
లోపల తెల్లబడిన దారపు ఉండలు.

కొంరవ్వకు సీసా సంగతి చెప్పలేదు.
తనే చెప్పింది, తొలకరి పడంగనే
అన్న గాలానికి ఎర్రలు తవ్వుతుంటే
డబ్బా పట్టుకునే పని తనదని.
"గీ గట్టు మీదనే. రెండు పార పెట్లకు నిండేది.
మూత పెడ్తె లోపట్నుంచి సప్పుడు ఇనొచ్చేది."
ఏం చప్పుడు?
ఆలోచించింది.
రెండు వేళ్ళు నాలుకకు తడి చేసుకొని
ఒకదాన్నొకటి రాసింది.
వంగి చెవి పెట్టాను.
దాన్ని రాసుకునే గడి నా ఫారంలో లేదు.

ఆ సాయంత్రం ఇంటి వెనక్కి తీసుకుపోయింది.
జాలారి నీళ్ళు పారే మూల, అరటి పిలక కింద,
ఆవపిండి అక్కర్లేదని
కొడవలి మొనతో ఒక పెళ్ళ లేపింది.

ఉన్నాయి.
మెడ దగ్గర పట్టీ కట్టినవి, ఈడొచ్చినవి,
దారం అంత పిల్లలు కూడా.
పదిహేడు.
కాని నా చోట్లన్నీ చిట్టీలు తీసినట్టు ముందే ఎంచినవి,
వాటిలో జాలారి లేదు.
ఈ పదిహేడును ఏ వరుసలోనూ వేయలేను.
జాతి పోల్చుకోవడానికైనా ఉంటాయని
ఫార్మలిన్ సీసా మూత తీశాను.
కొంరవ్వ ముక్కు మూసుకుంది.
"గదేంది?"
చెప్పాను.
ఏమీ అనలేదు. పెళ్ళను దాని చోట్లోనే బోర్లించి
పాదంతో మెత్తగా అదిమింది.
ఒక్కదాన్ని మాత్రం అరచేతిలో ఉంచుకొని చాచింది.
"కొంచవో. పేరేందో కనుక్కోనొచ్చి చెప్పాలె."

పేరు దొరికింది. రెండు ముక్కల లాటిన్,
మధ్యలో ఊపిరి తీసుకోవాల్సినంత పొడుగు.
బుధవారం పరకాల బస్సులో
తప్పు పోకుండా మూడుసార్లు అనుకుంటే
పక్కనున్న ఆమె కిటికీ వైపు జరిగింది.
కాళ్ళ దగ్గర డబ్బా, ఆవ ఘాటు.
చెప్పగానే ఏమంటుందో నాకు తెలుసు.
"గంత పేరా?
మరి పిలుస్తె పలుకుతదా?"